తల్లి చూడకూడని ఆట

"ఆ నీలం చొక్కా జోలికి వెళ్ళకు!" బట్టలు నానబెడుతున్న ఆమె వీపు మీద మొగుడి కేక పడింది. ఎందుకు వెళ్తుంది? కూతురు షటిల్ పోటీలో మొదటిసారి గెలిచిన రోజు ఆయన ఒంటి మీదున్న చొక్కా అది. అప్పట్నుంచీ పోటీలు మొదలైతే అయ్యేదాకా దానికి నీళ్ళు తగలకూడదు. ఉతికితే అదృష్టం కొట్టుకుపోతుందట. చంకల దగ్గర అట్టకట్టి, కొక్కేనికి తగిలించకపోయినా దానంతటదే నిలబడేలా ఉంది. ఆ కంపుని ఇంటిల్లిపాదీ కళ్ళకద్దుకుంటారు. శుభ్రంగా స్నానం చేసి, తల దువ్వుకుని, కన్నకూతురి ఆట చూడ్డానికి బయల్దేరిన ఆడమనిషి మాత్రం దరిద్రం.

ఒకే ఒక్కసారి వెళ్ళింది. తను పనిచేసే బట్టల కొట్టు యజమానిని బతిమాలి, పూట సెలవు పెట్టి మరీ. ఆట మొదలైన కాసేపటికే పిల్ల జారిపడి కాలు బెణికింది. "తల్లి కన్ను తగిలింది," అని ఇంట్లో కూర్చునే తేల్చేసింది అత్తగారు. "దాని బూట్ల అడుగు అరిగి నున్నగా అయిపోయిందండీ, జారుతుంది," అని ఈవిడ ఎంతకాలంగానో మొత్తుకుంటూనే ఉంది. "ఈ పోటీలకి లాగించేద్దాంలే," అన్నాడాయన. పిల్ల పడ్డ మర్నాడే కొత్త బూట్లు కొన్నాడు. బూట్ల సంగతి అందరూ మర్చిపోయారు, కన్ను మాత్రం గుర్తుంచుకున్నారు. రాకెట్ పిడికి కొత్త గ్రిప్పు చుట్టేటప్పుడూ, చెమట బట్టలు పిండి ఆరేసేటప్పుడూ తగలని ఆ కన్ను, కుర్చీలో కూర్చుంటేనే తగులుతుందా? ఇలా లోపల ఎంత ఉడికినా, గెలిచామని ఫోనొచ్చిన ప్రతిసారీ "హమ్మయ్య, నేను వెళ్ళలేదు," అని తన నోరే అనేసేది. అది తల్చుకుంటే అత్తగారి మీద కన్నా తన మీదే ఎక్కువ మండేది.

ఇవాళ ఫైనలు, రెండు వీధుల అవతలి హాల్లోనే. సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డ పిల్ల తలెత్తకుండా అడిగింది: "అమ్మా, నువ్వు రావు కదా?"

అత్తగారంటే పడింది, మొగుడంటే పడింది. ఇప్పుడు కడుపున పుట్టిందే అడుగుతోంది. రేపు దీన్ని ఎవరు ఏ మూలన కూర్చోమన్నా నోరెత్తకుండా కూర్చుంటుంది కాబోలు! బట్టలు అలాగే వదిలేసి చెప్పులేసుకుంది.

హాల్లో మొదటి వరసలోనే కూర్చుంది. పిల్ల చూసింది. చూసి, తేలిగ్గా అందే సర్వీసుని నెట్టుకి కొట్టింది. తర్వాతది గీత దాటించింది. మొదటి గేము పోయింది. పక్కనున్న నీలం చొక్కా పళ్ళు నూరింది. "చూశావా? కడుపు నిండిందా? ఇప్పటికైనా లేచి ఇంటికి పో." ఆమె కాళ్ళు నిజంగానే లేవబోయాయి. ఆ క్షణాన ఆమెకీ అనుమానం వచ్చింది మరి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

విరామంలో పిల్ల మొహం తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది. "అమ్మా, ప్లీజ్, వెళ్ళిపో. నువ్వుంటే నేను గెలవను."

"లేకపోతే గెలుస్తావా?"

"ఎప్పుడూ గెలుస్తున్నాగా!"

"అయితే ఆ కప్పులన్నీ నావేనే. ఇంట్లో కూర్చుని నేను గెలిచినవి. నీ పేరు చెరిపించి నా పేరు చెక్కించుకుంటా."

పిల్ల మొహం జేవురించింది. "నీవెలా అవుతాయి? నేనాడి గెలిచాను!"

"అలాగా? మరి ఇందాకటి గేము ఎవరాడి ఓడిపోయారు?"

 పిల్ల తువ్వాలు విసిరేసి, వెనక్కి చూడకుండా కోర్టులోకి వెళ్ళింది.

మొగుడు లేచి ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. "ఇవాళ ఇది ఓడిందో, నీ సంగతి చెప్తా. లేస్తావా, లేవవా?"

"ఓడినా చూస్తాను," అందామె. "పక్కకి జరగండి. మీరు అడ్డమున్నారు, నా కూతురు కనబడ్డం లేదు."