నాన్న పటంలో లేనివి

అడవి టమాటా మొక్కలో ఏ జన్యువు ఎక్కడుందో చూపించే పటం తయారుచేసింది నాన్నే. పన్నెండేళ్ల కష్టం అది. ఆ మొక్క మీద పనిచేసేవాళ్లకి ఆ పటమే వేదం.

ఆయన రిటైరైన పరిశోధనశాలలోనే కూతురికి ఉద్యోగం వచ్చింది. తొమ్మిది రోజులు నీళ్లు పోయకుండా ఉంచిన మొక్కల వేరు కొనలు తుంచి, ఆమె వాటిలోంచి ఆర్‌ఎన్‌ఏ తీసింది. జన్యువు పనిలోకి దిగినప్పుడు కణం రాసుకునే నకలే ఆర్‌ఎన్‌ఏ. పటంలో ఖాళీ అని వదిలేసిన చోట్ల నుంచి నూట ఎనభై మూడు రకాల నకళ్లు బయటపడ్డాయి. అంటే అక్కడా జన్యువులున్నాయన్నమాట.

ఆమె తన కళ్లను తానే నమ్మలేదు. మళ్లీ విత్తనాలు నాటి, మూడుసార్లు మొదటినుంచీ చేసింది. మూడుసార్లూ అవే వచ్చాయి.

"నాన్నగారికి చెప్పావా?" అంది, కంప్యూటర్‌లో లెక్కలు చూసే స్నేహితురాలు.

"ఎలా చెప్పనే? మీ పటం తప్పని మొహం మీద అననా?"

"పత్రికలో చదివి తెలుసుకుంటే ఇంకా బాగుంటుందా?"

ఆ సాయంత్రం ఆమె లాప్‌టాప్ తీసుకెళ్లి నాన్న ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, పోలీసులా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఆర్‌ఎన్‌ఏలో డీఎన్‌ఏ కలిసి, లేని నకళ్లు కనిపించాయేమో?"

"డీఎన్‌ఏని ఎంజైముతో పూర్తిగా పోగొట్టాకే యంత్రంతో చదివించాం నాన్నా."

"మొక్క లేకుండా ఉత్త నీళ్లతో చేసి చూశావా?"

"చూశాను. ఏమీ రాలేదు."

ఆయన తెర మీది వరసలన్నీ పైనుంచి కిందిదాకా ఒక్కొక్కటే చదివాడు.

"మేం ఆకుల్లో పనిచేసే జన్యువులే చూశాం," అన్నాడు చివరికి. "వేర్లకంటిన మట్టి కడగడం బెడదని వదిలేశాం. శుద్ధ బద్ధకం తల్లీ!"

"ముప్పై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది అదేగా!" అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్న అప్పటికే ఫోన్ అందుకుని, పాత సహోద్యోగికి కలిపాడు. "ఒరే, మన పటంలో నూట ఎనభై మూడు లొసుగులు దొరికాయిరా! పట్టిందెవరో చెప్పుకో చూద్దాం!"

తన తప్పును అంత సంబరంగా చాటుకునే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

అయిదో ఫోన్‌కల్లా ఆ సంఖ్య రెండు వందలైంది.

"నూట ఎనభై మూడే నాన్నా!" అంది.

ఆయన ఫోన్‌ను చేత్తో మూసి, "మిగతా పదిహేడూ నువ్వెలాగూ పడతావులే," అన్నాడు.