ముప్పై ఒక్క దీపాల లెక్క

ఆ వసంతంలో హోరిగోమె సడాకిచి చేతిలో ఉన్నవి ఇవి: ఒక నిచ్చెన, ఒక చిన్న ట్రక్కు, కరెంటు సామాన్ల కొట్టు వెనక గదిలో రెండు వందల నలభై ట్యూబులు, కురోసే ఊళ్ళో ఆరు వందల పన్నెండు వీధి దీపాల బాగోగులు. ముప్పై ఏళ్ళుగా ఆ దీపాల మీదే అతని కొట్టు నడుస్తోంది. ట్యూబు మాడిపోతే పేట సంఘం కబురు పెట్టేది, అతను నిచ్చెన వేసేవాడు.

కురోసే, మినోహారా, తానైకె మూడు పట్టణాలూ కలిసి ఎల్ఈడీ దీపాలు కొనాలనుకున్నాయి. విడివిడిగా కొంటే వచ్చే ధర వేరు, పదకొండు వేల దీపాలకు ఒకే బేరమైతే వచ్చే ధర వేరు. ఆ మాట సడాకిచికి బాగా అర్థమైంది, అతనూ వ్యాపారే. అర్థం కానిది తన సంగతి. ఒప్పందం మీద సంతకం పెడితే కురోసే దీపాలు బిగించే పని తనదే, కానీ ఆ తర్వాత పదేళ్ళు ఏ దీపమూ మాడదు. పెట్టకపోతే ఈ ఏడాది కూలీ కూడా పోతుంది. రెండు వైపులా నష్టమే కనిపించే కాగితం మీద అతను ఎప్పుడూ సంతకం పెట్టలేదు. ఈసారి పెట్టాడు.

మే నెలాఖరుకి బిగింపు పూర్తయింది. జులైలో, ఏటా వెళ్ళినట్టే, పొలాల గట్టున ఉన్న ముప్పై ఒక్క దీపాలను ఆర్పడానికి బయల్దేరాడు. రాత్రంతా వెలుగు పడితే వరి వెన్ను తీయదు. వేసవిలో వాటిని ఆర్పి, కోతల ముందు వెలిగించడం ఎవరూ చెప్పని, ఎవరూ డబ్బివ్వని పని. మొదటి స్తంభం ఎక్కి చూస్తే మీట లేదు. చీకటి పడగానే దీపం తనంతట తానే వెలుగుతుంది.

నిచ్చెన మీద నిలబడి చాలాసేపు ఆలోచించాడు. ఊరి ఆఫీసుకి వెళ్ళి అడగవచ్చు. అడిగితే వాళ్ళకు తెలియలేదని నలుగురిలో ఎత్తిచూపినట్టవుతుంది. మూడు పట్టణాల వాళ్ళు ఏడాది పాటు కూర్చుని ఎంచిన దీపం, బహుశా వరికి హాని చేయని రకమేమో. అలా అనుకుని దిగి ఇంటికొచ్చాడు. భార్య మిసావో ఇంత తొందరగా వచ్చావేమని అడిగితే, టీ పెట్టమన్నాడు.

ఆగస్టు చివర్లో ఒక ఉదయం త్సుకాహారా ముసలమ్మ కొట్టుకి వచ్చింది. కౌంటరు మీద రెండు వరి దుబ్బులు పెట్టింది. ఒకటి గింజ బరువుకి వంగింది, రెండోది పచ్చగా నిటారుగా ఉంది.

"ఏం దీపాలాయనా, నీ స్తంభం కింద నా వరికి నిద్ర లేదు. జోలపాడతావా?"

"కొత్త దీపమమ్మా. మీట లేదు."

"మీట లేకపోతే నోరు కూడా లేదా నీకు?"

ఈ మాట ఊళ్ళో పాకితే తానైకె, మినోహారా కూడా అతన్ని పనికి పిలవవు, ఉన్న కొట్టూ మూతపడుతుంది. మర్నాడు రెండు దుబ్బులూ పట్టుకుని మూడు పట్టణాల ఉమ్మడి సమావేశానికి వెళ్ళాడు.

అక్కడ అయోమయం ఇంకా పెరిగింది. మినోహారా వాళ్ళు తమ రైతులే ఏటా దీపాలకు నల్ల సంచులు కడతారని, ఈసారి కొత్త దీపాలను ముట్టుకోవద్దన్నారని మానేశారని చెప్పారు. తానైకెలో పొలాలే లేవు, వాళ్ళకు గొడవేమిటో అర్థం కాలేదు. ఉమ్మడి పట్టీలో స్తంభం నంబరుకి గడి ఉంది, వాట్లకి గడి ఉంది, వరికి లేదు. ప్రతి ఊరూ ఆ సంగతి మరో ఊరు రాసి ఉంటుందనుకుంది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు, అందుకే ఎవరికీ ఏం చేయాలో తోచలేదు.

కురోసే ఆఫీసు నుంచి వచ్చిన నెగిషి అనే అమ్మాయి చివరికి అడిగింది. "హోరిగోమె గారూ, ఆ దీపాలు ఏవేవో ఎక్కడ రాసి ఉంది?"

"ఎక్కడా లేదండీ. నా కాళ్ళకి తెలుసు."

దీపాన్ని ముట్టుకుంటే పదేళ్ళ హామీ పోతుందన్నారు ఆఫీసుల వాళ్ళు. ఆ హామీ దీపానిదే, స్తంభానిది కాదు గదా అన్నాడు సడాకిచి. వేసవిలో పొలం వైపు వెలుగు ఆపేలా నల్ల గుడ్డ తెర స్తంభానికి కట్టి, పొద్దు త్వరగా గుంకే సెప్టెంబరులో గట్టు మీద నడిచే బడి పిల్లల కోసం విప్పేస్తే సరి. ఆ పని కూలీ ఇచ్చి అతనికే అప్పజెప్పారు: మినోహారావి యాభై నాలుగు, కురోసేవి ముప్పై ఒకటి. తానైకె కూడా తన వాటా ఇస్తానంది, ఎందుకో దానికీ సరిగ్గా తెలియదు.

శరదృతువు వచ్చేసరికి లెక్క ఇలా తేలింది. పోయినవి ఆరు వందల పన్నెండు దీపాలు. వచ్చినవి ఎనభై అయిదు, అవీ ఏడాదికి రెండుసార్లే. రెండు వందల నలభై ట్యూబులు అలాగే ఉన్నాయి. త్సుకాహారా ముసలమ్మకి రెండు వరసలు పండలేదు, అయినా కొత్త బియ్యం ఒక సంచి పంపింది, పైన ఒక పచ్చి దుబ్బు కట్టి.

మిసావో బియ్యం కడుగుతూ ఇది లాభమేనా అని అడిగింది. సడాకిచి వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. వచ్చే కోతలయ్యాక చెబుతానన్నాడు.