నీటివాళ్లకు కాళ్లు

ఆఫీసులో అతన్ని అందరూ చేపలాయన అంటారు. వెక్కిరింపుగా మొదలైన పేరు, చివరికి అదే స్థిరపడిపోయింది. వాళ్ల కంపెనీ తయారుచేసే యుద్ధాల వీడియో గేములో నీటివాళ్లను పుట్టించింది అతనే మరి. ఆ ఆటలో నాలుగు జాతులుంటాయి. కొండవాళ్లు, గుర్రాలవాళ్లు, ఇనుపవాళ్లు, నీటివాళ్లు. గళ్ల పటం మీద ఒకరి వంతు అయ్యాక ఇంకొకరు ఆడాలి. మిగతా జాతులు తీసుకుంటే వంతువంతుకీ దండునంతా కదపాలి. నీటివాళ్లకు రెండే పనులు. నీటిని ఒక గడి పెంచడమో తగ్గించడమో ఒకటి, ఒకే ఒక్క చేపను కదపడం రెండోది. నీరు ఎంతవరకు వస్తే అంతవరకే వాళ్ల రాజ్యం. గట్టెక్కారా, చచ్చారన్నమాటే.

అలా ఎందుకు చేశాడో ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెల్లెలుంది. చిన్నప్పటినుంచీ ఆమె ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే చేతులెత్తేస్తూ వచ్చాయి. ఇప్పుడామె మాట వినేవి కళ్లూ, నోరూ, కుడి చెంపా. చెంప పక్కన గుండ్రటి మీట బిగించి ఉంటుంది. తెర మీద ఒక వెలుగు గడి నుంచి గడికి నడుస్తుంది. కావలసిన గడి మీదికి రాగానే చెంపతో మీట నొక్కాలి. తప్పిపోయిందా, వెలుగు పటమంతా చుట్టబెట్టి మళ్లీ వచ్చేదాకా కాచుకోవాల్సిందే. ఈ లెక్కన దండునంతా కదిపేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. రెండు మూడు నొక్కులైతే ఫరవాలేదు. అందుకే పుట్టారు నీటివాళ్లు.

ఒళ్లు సహకరించకపోతేనేం, నోరు మాత్రం గట్టిది.

"నీ ఆటలో బుర్రున్నవాళ్లు నావాళ్లొక్కరే అన్నయ్యా. మిగతావాళ్లవన్నీ పరుగులూ కేకలూ."

పాపం కదా అని అతను ఎప్పుడైనా మీట మీద చెయ్యి వెయ్యబోతే ఇంతెత్తున లేచేది. "ముట్టుకోకు! నువ్వు నొక్కితే అది నేనాడినట్టెలా అవుతుంది?"

ఆమెతో ఏళ్ల తరబడి ఆడుతున్న మనిషి ఒకడున్నాడు. ఎవరో, ఏ ఊరో తెలియదు. ఆటలో తాబేలు అని పేరు పెట్టుకున్నాడు. తన వంతు కాగానే "టీ పెట్టుకుని వస్తాను, తీరిగ్గా ఆలోచించుకోండి" అని రాసి పోయేవాడు.

"నన్ను మహా మేధావి అనుకుంటున్నాడు తెలుసా? ఒక్కో ఎత్తుకీ అంతసేపు ఆలోచిస్తున్నాననుకుంటున్నాడు. చచ్చినా నిజం చెప్పకు" అని పకపకా నవ్వేది. మంచం, చక్రాల కుర్చీ, మందుల వాసన తెలియని మనిషి ఆమెకు లోకంలో వాడొక్కడే.

ఇదిలా ఉండగా ఒకరోజు అతని పైఅధికారి మీటింగు పెట్టింది. ఆమెను అందరూ మేడం అంటారు. గోడ మీద గీతల బొమ్మ వేసి చూపించింది.

"నీటివాళ్లను తీసుకునేవాళ్లే తక్కువ. తీసుకున్నవాళ్లు ఒక్కో వంతుకీ బోలెడు టైం తినేస్తున్నారు. ఎదుటివాళ్లు విసుగెత్తి పోతున్నారు. ఈ జాతి మరీ చిక్కుగా ఉన్నట్టుంది. మార్చండి. లేదంటే తీసేద్దాం."

చిక్కట! రెండు పనుల జాతిలో చిక్కేమిటండీ? సులువుగా ఉంది కాబట్టే చెయ్యి ఆడనివాళ్లంతా వెతుక్కుంటూ వచ్చి అందులో చేరారు. వాళ్లు చేరారు కాబట్టి ఆలస్యం. ఆ ఆలస్యాన్ని తీసుకెళ్లి జాతి నెత్తిన రుద్దారు.

అతను ఉన్నమాట చెప్పేశాడు. చెల్లెలి సంగతి ఆ గదిలో మొదటిసారి బయటపెట్టాడు. బొమ్మలు వేసే అమ్మాయి తల దించుకుంది. మేడం నిజంగానే నొచ్చుకుంది, ఆ మాట కాదనకూడదు.

"అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు?" అని అడిగింది.

అతనికి తెలియదు. ఎవరు వేలితో నొక్కారో, ఎవరు చెంపతో నొక్కారో ఆటకి తెలియదు కదా.

"కంప్యూటర్‌తో ఆడేటప్పుడు గడియారం వద్దు, వాళ్లిష్టం. మనుషులతో ఆడితే మాత్రం వంతుకి నిమిషం. ఒకరిని వదిలేస్తే అందరూ అడుగుతారు" అని మేడం తేల్చేసింది.

"నేను చెయ్యనంటే?"

"ఇంకొకరు చేస్తారు. మీరైతే కనీసం ప్రేమగా చేస్తారు."

ఆ ఒక్క ముక్కకి పడిపోయాడు పిచ్చి మనిషి. తన చేతిలో ఉంటే ఆ రెండు పనులైనా మిగుల్చుకోవచ్చనుకున్నాడు. వెలుగు నడక కాస్త పెంచితే నిమిషంలో చెల్లెలు గట్టెక్కుతుందనుకున్నాడు.

ముందు నీటివాళ్లకు కాళ్లు పెట్టమన్నారు. "దీనికి మోకాళ్లెక్కడ పెట్టమంటారు సార్?" అని బొమ్మల అమ్మాయి ఏడవలేక నవ్వింది. కాళ్లొచ్చాక నేల మీదికి రాకతప్పలేదు. నేల మీదికొచ్చాక ఒక్కరిని కదిపితే ఏం మజా అన్నారు. ఇద్దరన్నారు, నలుగురన్నారు, ఆఖరికి అందరూ అన్నారు. అతను మిగుల్చుకుందామనుకున్నవి పట్టుకున్న కొమ్మల్లా ఒక్కొక్కటే విరిగిపోయాయి. ఇంట్లో వెలుగు నడక పెంచితే చెల్లెలి చెంప అందుకోలేకపోయింది.

"పోనీలే, అలవాటు చేసుకుంటా" అంది. నొక్కీ నొక్కీ చెంప కమిలిపోయింది.

కొత్త నీటివాళ్లు విడుదలయ్యారు. జనం ఎగబడ్డారు. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. మేడం చెయ్యి కలిపి "చూశారా, బతికించారు" అంది. అతనికి అక్కడ నిలబడాలనిపించలేదు. ఏదో సాకు చెప్పి ఇంటికొచ్చేశాడు.

చెల్లెలు అప్పటికే ఆటలో ఉంది. ఎదురుగా తాబేలు. వెలుగు పరుగెడుతోంది. ఆమె నీటిని ఒక గడి పెంచింది. ఒక చేపను పట్టుకుంది, ఎక్కడ పెట్టాలో నొక్కేలోపు నిమిషం అయిపోయి గంట మోగింది. వంతు పోయింది. తాబేలు ఆడాడు. మళ్లీ ఆమె వంతు, మళ్లీ గంట.

"ఉన్నారా?" అని, తన వంతు ఆడేసి రాశాడు తాబేలు.

ఆమె ఆట వదిలేసి జవాబుకి దిగింది. వెలుగు అక్షరాల మీద నడవసాగింది. ఉ పడింది. అతను ఉండబట్టలేక కీబోర్డు వైపు చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు" అంది, కళ్లు తెర మీదనుంచి తిప్పకుండా.

న్న పడేలోపు మూడో గంట మోగింది. తెర మధ్యలో పెద్ద అక్షరాలు లేచాయి. 'ఆటగాడు ఆట వదిలి వెళ్లిపోయాడు.' వరసగా మూడు వంతులు పూర్తిచెయ్యకపోతే అలా రావాలని నియమం పెట్టిందీ, ఆ వాక్యం రాసిందీ అతనే.

"అయ్యో, వెళ్లిపోయారా? సరే, ఉంటాను" అని రాసి తాబేలు కూడా వెళ్లిపోయాడు.

వెలుగు ఆగిపోయింది. చెల్లెలు చెంప మీట మీదనుంచి తియ్యలేదు.

"నేనెక్కడికి వెళ్లానన్నయ్యా?" అంది. "ఇక్కడే ఉన్నాను కదా."