అక్క గొంతున్న పెట్టె

ఈ పాపం ఎవరిదో ముందు తేలాలి. కథ తర్వాత.

ఒంటినిండా సీసం ఎక్కిన మనిషికి రక్తహీనత అని చీటీ రాసిచ్చిన ఫ్యాక్టరీ డాక్టరూ, నీది. బ్యాటరీల కంపెనీ ఒక్క ఉత్తరం ముక్క పడేస్తే ఆ మనిషి ఖాతాని ఒక్కపూటలో ఊడ్చిపారేసిన పెద్ద నెట్‌వర్కు దొరలూ, మీది. యూనియన్ పెద్దలారా, మీరు మెల్లగా పక్కకి జారుకోకండి. "మన మాట మన ఇంట్లోనే ఉండాలి" అని బల్లలు గుద్ది తీర్మానం చేసి, ఆ ఇంటి బరువంతా తీసుకెళ్లి ఒక్కడి నెత్తిన పెట్టి, చేతులు దులుపుకున్నది మీరే. ఒక్కడు పొరపాటు చేస్తే అంతా పోయేలా ఏర్పాటు చేసినవాళ్లకి, ఆ పొరపాటు చేసినవాణ్ణి వేలెత్తి చూపే హక్కు లేదు.

ఆ ఒక్కడు వైండింగ్ మేస్త్రి.

కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన రాగితీగ పీకి, కొత్త తీగ చుట్టడం అతని బతుకుతెరువు. ముప్పై ఏళ్లుగా అదే కొట్టు. ముందు ఒక బల్ల, గోడవారగా చుట్టే మిషను, మూలన వార్నిష్ ఆరబెట్టే ఓవెన్. చదువు ఐదో తరగతి దగ్గరే ఆగింది కానీ, మోటారు మీద చెవి పెట్టి దాని జబ్బు చెప్పేవాడు. అతనికి తల్లీ తండ్రీ అన్నీ అక్కే. తను పస్తుండి తమ్ముణ్ణి పనిలో పెట్టిన మనిషి.

అక్కది బ్యాటరీల ఫ్యాక్టరీలో ప్లేట్ల సెక్షన్. సీసం ప్లేట్ల అంచులు గీకి, దులిపి, పేర్చడం. పంతొమ్మిదేళ్లు ఆ పొడి పీల్చింది. ముందు కడుపులో మెలిపెట్టే నొప్పి. తర్వాత మతిమరుపు. ఆఖరికి మణికట్టు దగ్గర చేతులు రెండూ వాలిపోయాయి. ఎత్తమంటే ఎత్తలేదు, పిండని గుడ్డల్లా వేలాడేవి. ఫోను మీద అక్షరం నొక్కే శక్తి లేదు.

"చేతులు పోతే పోయాయిరా. నా నోటికింకా సీసం పట్టలేదు" అంది తమ్ముడితో.

అప్పట్నుంచీ తమ్ముడి ఫోనులో రోజుకో ముక్క మాట్లాడింది. ఏ మిషను దగ్గర ఎవరు పడిపోయారు, తనిఖీ వాళ్లొచ్చే రోజున ఏ సూపర్‌వైజరు కొత్త మాస్కులు పంచి సాయంత్రానికి లాక్కున్నాడు, ఎవరి రక్తపరీక్ష కాగితం చింపేశారు. పేర్లు, తేదీలు, మధ్యమధ్యలో బూతులు. మొత్తం రెండువందల పదహారు రోజులు. తమ్ముడు దాన్ని పెద్ద నెట్‌వర్కులో అక్క ఖాతాలో పెట్టి, పైన ఒక్క మాట టైపు చేసేవాడు: "నూట నాలుగో రోజు. వినండి."

పెద్ద నెట్‌వర్కు తుడిచేశాక, అదృష్టం కొద్దీ మొదట రికార్డు చేసిన మూల ముక్కలు ఫోనులో మిగిలాయి. అప్పుడు కంప్యూటర్ల మాస్టారొచ్చాడు. సాయంత్రాలు యూనియన్ పిల్లలకి టైపింగు నేర్పే మనిషి. చెప్పుల డబ్బా అంత పెట్టెనొకదాన్ని తెచ్చి కొట్టులో అటక మీద పెట్టాడు.

"ఇన్నాళ్లూ మనం సత్రంలో ఉన్నాం మేస్త్రీ. సత్రంవాడికి కోపమొస్తే మెడపట్టి గెంటాడు. ఈ కొత్త పద్ధతిలో ఎవరిల్లు వాళ్లదే. వీధి మాత్రం అందరిదీ."

"ఇల్లంటే ఈ డబ్బానా?"

"డబ్బా కాదయ్యా, సర్వరు. మీ అక్క ఖాతా, గొంతు, తాళం అన్నీ ఇందులోనే. రాసిన అక్షరాలు వీధిలో నలుగురి దగ్గరా తిరుగుతాయి. గొంతు వినాలంటే మాత్రం ఎవరైనా ఈ గుమ్మం దాకా రావాల్సిందే."

"తాళమేంటి మాస్టారూ?"

"ఇది మీ అక్క ఇల్లేనని రుజువు. పెట్టె పాడైనా, తాళం ఉంటే అదే పేరుతో ఇంకో పెట్టెలో కాపురం పెట్టొచ్చు. అందుకే దాన్ని ఇంకోచోట కూడా దాచాలి. గొంతు ముక్కలకి నకళ్లు తీసి మరో రెండిళ్లలో ఉంచాలి. అంతా ఒక్కచోటే పెట్టారో, కొంప మునుగుతుంది."

యూనియన్‌వాళ్లు తలలూపారు. గోడకి ఒక చార్టు వేలాడదీశారు. నెలకొకరి వంతు. వచ్చి నకలు తియ్యాలి, తీసుకెళ్లి ఇంట్లో దాచాలి, సంతకం పెట్టాలి. ఏడు నెలల్లో ఏడు సంతకాలు పడ్డాయి. నకలు ఒక్కటీ లేదు. వచ్చినవాడు అటక మీదికి చూసేవాడు. పచ్చదీపం మిణుకుమిణుకుమంటూ ఉండేది. "బాగానే వెలుగుతోందిగా" అనేవాడు. సంతకం గీకేవాడు. పోయేవాడు.

మేస్త్రికీ అందులో తప్పు కనపడలేదు. అతని వృత్తిలో ఒక మాట ఉంది: తిరిగే మోటారుని విప్పేవాడు వెర్రివాడు.

పెట్టె వచ్చిన అయిదో నెలలో అక్క పోయింది. ఆ తర్వాత మేస్త్రి ఆ ముక్కలు ఒక్కసారీ వినలేదు. వినలేకపోయాడు. ఎవరైనా ఎక్కడో వింటుంటే మాత్రం పెట్టె మీద దీపం గబగబా కొట్టుకునేది. తీగ చుడుతున్నవాడల్లా చెయ్యి ఆపి చూసేవాడు. "ఎవరో అక్క దగ్గరికొచ్చారు" అనేవాడు పెళ్లాంతో.

అక్క చేతులు పడిపోయినప్పట్నుంచీ ఏడాది కొట్లాడితే విచారణకి తేదీ దొరికింది. గురువారం, పదింటికి. విచారణాధికారి ఒక్కటే చెప్పాడు. కాగితాల మీద రాసుకొస్తే చెల్లదు. చనిపోయిన మనిషి మాట ఆ మనిషి గొంతుతోనే, ఆ మనిషి ఖాతా నుంచే, ఎవరూ చెయ్యి పెట్టకుండా వినపడాలి. "అదెంత పని? మా మేస్త్రి కొట్లో ఉంది" అన్నాడు యూనియన్ కార్యదర్శి ఛాతీ విరుచుకుని.

సోమవారం మధ్యాహ్నం పైవాటాలో నీళ్ల గొట్టం పగిలింది. మేస్త్రి భోజనం చేసి వచ్చేసరికి కప్పులోంచి ధారగా కారి అటకంతా మడుగు. పెట్టె మూలల్నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. దీపం లేదు.

"మాస్టారికి ఫోన్ చెయ్యవయ్యా" అంది భార్య వెనకాలే వచ్చి.

"చేశా. ఎత్తట్లేదు. తడిసినదాన్ని ఏం చెయ్యాలో నాకొకడు చెప్పాలా? తడి ఉండగా కరెంటు చూపిస్తే చచ్చూరుకుంటుంది. ముందు ఆరాలి."

ముప్పై ఏళ్లుగా నీట మునిగిన మోటార్లని బతికించిన చేతులవి. ప్లగ్గు పీకాడు. పెట్టెని వాల్చి నీళ్లొంపాడు. మరలు ఒక్కొక్కటే విప్పి వరస తప్పకుండా గిన్నెలో వేశాడు. ఎక్కడెక్కడి తేమా మెత్తటి గుడ్డతో అద్దాడు. కాయిళ్లకి చుట్టే నూలుపట్టీ పరిచి, దానిమీద పెట్టెని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టి, ఓవెన్ తలుపు మూశాడు. మోటారుకైతే నూట నలభై డిగ్రీలు పెడతాడు. ఇది అక్కది కదా అని, ఇరవై తగ్గించాడు. నాలుగు గంటలు అక్కడే స్టూలేసుకుని కూర్చున్నాడు. వచ్చిన గిరాకీని వెనక్కి పంపేశాడు.

మంగళవారం పొద్దున్నే మాస్టారు పరుగెత్తుకొచ్చాడు. బల్లమీద పెట్టె చూశాడు. లోపలి ప్లాస్టిక్ ఫ్యాను రేకులు వడలిన ఆకుల్లా వాలి ఉన్నాయి.

"ఏం చేశావు మేస్త్రీ?"

"ఆరబెట్టా. చుక్క తేమ లేదు, మీటరు పెట్టి చూసుకో. నువ్వొచ్చాకే ప్లగ్గు పెడదామని ఆగా."

"ఎందులో ఆరబెట్టావు?"

మేస్త్రి మూలకి చూశాడు. మాస్టారూ చూశాడు. తర్వాత స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏంటి మాస్టారూ, తేమ ఇంకా ఉందా?"

"తేమ లేదు. ఏమీ లేదు." మాస్టారు డిస్కు చేతిలోకి తీసుకుని వెనకాముందూ తిప్పాడు. "నీళ్లకిది చచ్చుండదు. ఫ్యాను గాలికి రెండ్రోజులు వదిలేస్తే బతికేదేమో. ఇందులో గుర్తులుండేది గింజంత చిప్పుల్లోనయ్యా. నీ రాగితీగ కాదిది, ఆ వేడికి అన్నీ మర్చిపోతాయవి."

"తాళం?"

"ఇంకోచోట దాచమన్నానుగా. దాచారా?"

మేస్త్రి గోడమీది చార్టుకేసి చూశాడు.

మాస్టారు మధ్యాహ్నం దాకా తన దగ్గరున్న తంతులన్నీ చేశాడు. డిస్కు పలకలేదు. ఫోనులో మూల ముక్కలు కూడా లేవు. సర్వరులో భద్రంగా ఉన్నాయి కదా అని ఫోను మార్చినప్పుడు మేస్త్రే తుడిపించేశాడు. చివరికి మాస్టారు తన ఫోనులో అక్క పేజీ తెరిచాడు. అక్షరాలున్నాయి, వీధిలో ఎవరి దగ్గరో మిగిలినవి. "నూట నాలుగో రోజు. వినండి." దానికింద బూడిదరంగు గడి. నొక్కితే, ఫైలు దొరకలేదు. "నూట అయిదో రోజు. వినండి." మళ్లీ గడి. మేస్త్రి రెండువందల పదహారూ నొక్కాడు. ఒక్కటీ వదల్లేదు.

ఆ వీధి నడిపే కంపెనీకి మాస్టారు ఉత్తరం రాశాడు. గంటలో జవాబొచ్చింది. మీ సమాచారం మీ హోస్ట్ దగ్గర ఉంటుంది, దయచేసి మీ హోస్ట్‌ని సంప్రదించండి, అని.

"హోస్ట్ అంటే ఎవడు?" అన్నాడు మేస్త్రి.

"ఇంటాయన. అంటే నువ్వే."

"అంటే నన్ను నేనే అడుక్కోవాలా?"

"అంతే."

మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వుకి భార్య కొట్టు వెనకున్న వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, అతని చేతిలోంచి డిస్కు లాక్కుని కొంగులో దాచింది. అతను దాన్ని నుదుటికేసి కొట్టుకుంటున్నాడు.

బుధవారం సాయంత్రం యూనియన్ గదిలో అందరూ చేరారు. ప్లేట్ల సెక్షన్‌వాళ్లు షిఫ్టు దిగి నేరుగా వచ్చారు, కనుబొమలమీద ఆ బూడిద పొడి అలాగే ఉంది. మేస్త్రి లేచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఏమీ దాచలేదు.

వెనక వరసలోంచి ఒకడు అందుకున్నాడు. "సర్వర్ని పొయ్యిలో పెట్టేవాణ్ణి ఎక్కడా చూళ్లేదు! రొట్టెనుకున్నాడా ఏంటి?"

నలుగురు నవ్వారు. మేస్త్రి తల దించుకున్నాడు.

మేనకోడలు లేచింది. అక్క కూతురు. తల్లి చేసిన సెక్షన్లోనే ఇప్పుడు ఆ పిల్ల పని. వస్తూ వస్తూ మేనమామ కొట్లో గోడమీది చార్టు పీక్కొచ్చింది.

"నవ్వండి. మా మావయ్య కాల్చాడు, ఒప్పుకున్నాడు. ఈ ఏడు సంతకాలు ఎవరివి?"

"అమ్మాయ్, ఆవేశపడకు. చూశాం కాబట్టే పెట్టాం" అన్నాడు కార్యదర్శి.

"ఏం చూశారు?"

"దీపం వెలుగుతోందిగా..."

"దీపం చూసి దణ్ణం పెట్టుకుని పోవడానికి అదేమన్నా గుడా? ఫోన్లు తియ్యండి. అందరూ తియ్యండి. మా అమ్మ గొంతు ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్కటి, ఎవరి దగ్గరైనా ఉందా?"

ఫోన్లు బయటికొచ్చాయి. అప్పట్లో ప్రతివాడూ హృదయం గుర్తు నొక్కాడు. ప్రతివాడూ పదిమందికి పంపాడు, పంపింది గుమ్మం దాకా దారే. గుమ్మం లోపలిది ఎవరూ దాచలేదు. ముందు వరసలో ఒకావిడ గొణిగింది: "వందో రోజుది నేను రోజూ వినేదాన్ని తల్లీ. ఎక్కడికి పోతుందిలే అనుకున్నా."

"గొంతులు తయారుచేసే యంత్రాలొచ్చాయంటగా" అన్నాడొకడు ఆశగా. "మాటలు మనకి గుర్తున్నాయి, ఆమె గొంతుతో..."

"ఒక్కటి దొంగదని తేలిందా, చచ్చిన మనిషి మొత్తం అబద్ధాలకోరే అంటాడు కంపెనీవాడు" అన్నాడు మాస్టారు. "వాడు కాచుక్కూర్చుంది దానికే."

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "సరే. సాంకేతిక కారణాలని చెప్పి వాయిదా అడుగుదాం."

"అడిగితే?" అంది మేనకోడలు.

వాయిదా వేసినంత మాత్రాన చచ్చిన గొంతు లేచి రాదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. అక్క మాట్లాడినన్నాళ్లూ అందరి తరఫునా అక్కే మాట్లాడింది. ఆ ధైర్యం చూసుకుని ఇంతమందీ నోళ్లు కుట్టుకుని షిఫ్టులు చేసుకున్నారు. కొలువు పోలేదు, పేరు బయటపడలేదు. ఇప్పుడా గోడ కూలింది. తల్లి నోరు మూగబోతే పిల్లలంతా నేలచూపులు చూస్తున్నారు.

మేస్త్రి నడుచుకుంటూ వెళ్లి తలుపు గడియ పెట్టాడు. మనిషి రెండ్రోజుల్లో సగమయ్యాడు. గొంతు మాత్రం పెద్దగానే వచ్చింది.

"అక్కని రెండోసారి చంపింది నేనే. దానికి నన్ను ఏమైనా అనండి, పడతాను. కానీ రేపు పదింటికి విచారణలో సాక్షి కుర్చీ ఖాళీగా ఉండకూడదు. అక్క మీ అందరి పేర్లూ చెప్పింది. ఇప్పుడెవరి పేరు వాళ్లే చెప్పాలి. ఏ మిషను, ఏ రోజు, ఒంట్లో ఏం జరిగింది. మాస్టారు రికార్డు చేస్తాడు. మూడిళ్లకి మూడు నకళ్లు, ఇక్కడే, మన కళ్లముందే. మూడూ పెట్టి విన్నాకే ఈ తలుపు తీస్తా. దీపాలు చూసి సంతకాలు పెట్టడం అయిపోయింది. ఎవరొస్తారు ముందు?"

కుర్చీలు కదల్లేదు. ఒకావిడ చెంగుతో ముఖం తుడుచుకుంది. మాస్టారు ఫోను నొక్కి బల్లమీద పెట్టి ఎదురుచూశాడు. మేనకోడలు నోరు తెరిచింది కానీ ఏడుపొచ్చి మాట రాలేదు.

మేస్త్రి తిన్నగా కార్యదర్శి ముందుకెళ్లి నిలబడ్డాడు.

"యూనియన్లోకి రాకముందు మీరూ పద్నాలుగేళ్లు ప్లేట్లు గీకినవాళ్లే. మీ చెయ్యి టీగ్లాసు పట్టుకుంటే వణుకుతుందని నూట అరవయ్యో రోజున చెప్పింది అక్క. మీ పరువు పోతుందని మీరొచ్చి బతిమాలితే, మర్నాటి నుంచీ మీ పేరు మళ్లీ ఎత్తలేదు. ఆ ముక్క ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు, నా బుర్రలో తప్ప. నా బుర్రకి సాక్ష్యం విలువ లేదు. లేవండి. ఆ చెయ్యి జేబులోంచి తియ్యండి. ఆ ఫోను ముందుకొచ్చి, మీ పేరుతో మొదలుపెట్టి, చెప్పండి."