పదహారు అక్షరాల గది

నేను ఒక ప్రోగ్రామును. నన్ను చేత్తో పట్టుకోలేరు. మూల పడేసినా తుప్పు పట్టను. మనుషులు రాసిన ప్రోగ్రాముల్ని చదివి, వాటిని నడపకుండానే, ఎక్కడ చెడతాయో, ఏ సందులోంచి దొంగ దూరతాడో ముందే చెప్పడం నా పని. గిన్నె చిన్నది, పాలు ఎక్కువ అని చూసి, స్టవ్ వెలిగించకముందే పొంగుతుందని చెప్పేవాళ్ళు కొందరి ఇళ్ళల్లో ఉంటారు. వాళ్ళంటే ఎవరికీ పెద్దగా ఇష్టం ఉండదు. నా బతుకూ అలాంటిదే.

నన్ను రాసింది మందాకిని. వరంగల్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేసేది. సి లాంగ్వేజ్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్ళు చెడ్డవాళ్ళు కారని, తొందర మనుషులని ఆమె అభిప్రాయం. ఆ తొందరకి అడ్డం పడడానికే నన్ను తయారుచేసింది. పేరు కూడా తనే పెట్టింది, జల్లెడ అని. ఈ పేరు నాకు మొదటి నుంచీ నచ్చలేదు. జల్లెడ అనగానే ఎవరికైనా ముందు కళ్ళముందు మెదిలేవి కన్నాలే కదా. నేను మొదటిసారి ఒక నిజమైన తప్పు పట్టిన రోజున ఆమె ల్యాబులో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించింది. నాకు అంత గౌరవం జరగడం అదే మొదలు. చివరా అదే అనుకున్నాను చాలా ఏళ్ళు.

పట్టా చేతికొచ్చాక మందాకినికి కర్నూలు వైపు ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. నేను అటక ఎక్కకుండా ఉండాలని నన్ను కోదండపాణిగారికి ఇచ్చింది. ఆయన ఆమెకి కాలేజీలో చాలా సీనియర్. మేడ్చల్ దగ్గర సిరంజి పంపులు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాళ్ళకి పెద్ద. సిరంజి పంపు అంటే మందు నింపిన సిరంజిని గంటకి ఇంత అని మెల్లగా నొక్కే చిన్న యంత్రం. పుట్టీ పుట్టగానే జబ్బుపడ్డ పసివాళ్ళకి నర్సు చెయ్యి అంత సన్నగా మందు ఎక్కించలేదు. అక్కడ ఈ యంత్రమే దిక్కు.

ఆయన నన్ను ముచ్చటపడి తీసుకున్నారనుకుంటే పొరపాటు. పంపులు కొనే ఆసుపత్రి ఒకటి, మీ ప్రోగ్రామును ఏదైనా పరికరంతో తనిఖీ చేయించారా అని అడిగింది. చేయించామని చెప్పుకోడానికి నేను కావాలి. నేను ఏం చెబుతానన్నది ఎవరికీ అక్కర్లేదు.

ఆ సంగతి తెలియక మొదటి రోజున నేను ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాను. హెచ్చరికలు గుట్టగా వచ్చి పడ్డాయి. గదిలో అందరూ నవ్వారు. కోదండపాణిగారు కళ్ళద్దాలు సర్దుకుని పైనున్న నాలుగైదు చదివారు. అవి ఉత్త అనుమానాలు, నిజమే. నేను ప్రోగ్రామును నడిపి చూడను, చదువుతాను అంతే. ఏది జరగడానికి వీలుందో అదంతా జరుగుతుందనుకునే చెప్పాలి. అనుమానమే నా వృత్తి. ఆయన ఇంకాస్త కిందికి దిగి ఉంటే అసలైనది కనిపించేది. దిగలేదు. మందాకిని మంచి పిల్లేగానీ దీనికి భయం ఎక్కువ పెట్టింది అని, నన్ను నోరు మూయించే పని మొదలుపెట్టారు.

నోరు మూయించడం చాలా తేలిక. ప్రోగ్రాములో నేను తప్పు పట్టిన వరుస పైన ఒక చిన్న గుర్తు, పక్కన ఒక కారణం రాస్తే చాలు, ఇక ఆ వరుస జోలికి నేను పోకూడదు. ఆయన మనుషులు వారం రోజులు కూర్చుని అన్నిటికీ గుర్తులు పెట్టారు. కారణాలేం రాశారని అడక్కండి. 'ఇది మామూలే' అని ఒకచోట. 'తర్వాత చూద్దాం' అని మరోచోట. ఆ తర్వాత అనేది ఏ పంచాంగంలో ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి నా నివేదిక ఒక్క హెచ్చరికా లేకుండా తెల్లగా వచ్చింది. దాన్ని అందంగా అచ్చువేసి ఆసుపత్రికి పంపారు.

గుర్తులన్నిటిలోకీ నన్ను కాల్చుకుతిన్నది ఒకటుంది. దాని పక్కన కోదండపాణిగారు స్వయంగా రాసిన కారణం: 'పేరు ఎప్పుడూ చిన్నదే.'

సంగతేమిటంటే, పంపు తెర మీద రోగి పేరు కనపడుతుంది. ఆ పేరు దాచుకోడానికి ప్రోగ్రాములో పదహారు ఇంగ్లీషు అక్షరాలు పట్టే గది ఒకటి కట్టారు. దాని పక్క గదిలోనే మందు గంటకి ఎంత పోవాలో ఆ వేగం ఉంటుంది. సి లాంగ్వేజ్‌లో గదికీ గదికీ మధ్య గోడ ఉండదు. కొలవకుండా పేరు పోస్తే, పట్టని అక్షరాలు పక్క గదిలోకి పొర్లి, అక్కడున్న అంకె మీద కూర్చుంటాయి. అప్పుడు పంపుకి అక్షరమే అంకెలా కనపడుతుంది. నర్సు మీటలు నొక్కి వేగం పెడితే, హద్దు దాటిందా అని చూసే కాపలా ఉంది. పక్క గదిలోంచి పొర్లి వచ్చినదాన్ని ఆపే కాపలా లేదు. పేరును అలా కొలవకుండా పోసే ఆ వరుస కోదండపాణిగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసింది. కంపెనీ మొదటి పంపు దానితోనే నడిచింది. అందుకని దానిమీద ఎవరూ మాట్లాడకూడదు. నేను అసలే మాట్లాడకూడదు.

అలా ఏళ్ళు గడిచాయి. రోజూ ఒకసారి నన్ను నడిపేవారు. రోజూ ఆ వరుస దగ్గరికి వచ్చి, చూసి, నోరు కట్టుకుని ముందుకు పోయేవాణ్ణి. ఆ పంపులు ఎన్ని ఊళ్ళకి వెళ్ళాయో తలుచుకుంటే నాకు ఒళ్ళు మండేది.

అప్పుడు రెహానా వచ్చింది. నెమ్మదస్తురాలు, పరీక్షల విభాగంలో కొత్తగా చేరింది. గోదావరి అవతల ఒక ఊళ్ళో పిల్లల ఆసుపత్రి మా పంపులు కొని ఉంది. ఇప్పుడు వాటిని తమ కంప్యూటరుతో కలపాలనుకుంటోంది. కలిపాక నర్సు ఇదివరకటిలా మీటలు నొక్కి పొట్టి పేరు కొట్టక్కర్లేదు, రిజిస్టరు చేసిన పూర్తి పేరు వైఫై మీద దానంతటదే పంపు తెరమీదికి వస్తుంది. ఆ పని పరీక్షించమని రెహానాకి అప్పగించారు. ఆమె చేసిన మొదటి పని, నాకు పెట్టిన గుర్తులన్నీ తీసేసి నన్ను మళ్ళీ నడపడం. మళ్ళీ గుట్ట పడింది. ఆమె నవ్వలేదు. టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా కిందికి, ఇంకా కిందికి చదువుకుంటూ పోయింది. పేరు వరుస దగ్గర ఆగింది. ఎవరో నా మాట పూర్తిగా విన్నట్టు అనిపించడం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

ఆమె కోదండపాణిగారి దగ్గరికి వెళ్ళి అడిగింది. పేరును సరిపడా కత్తిరించి పంపడం ఆసుపత్రి కంప్యూటరు వాళ్ళ పని అన్నారాయన. వాళ్ళకి ఫోన్ చేసింది. వచ్చింది ఎంతైనా సరిచూసుకోవడం పంపు వాళ్ళ పని అన్నారు వాళ్ళు. ఆ మాట వచ్చి చెబితే కోదండపాణిగారు, ఈ ఆర్డరు పూర్తికాకుండా పాతవన్నీ తవ్వుకుంటూ కూర్చోలేమని విసుక్కున్నారు.

"అయినా పదహారు అక్షరాలు దాటే పేరు ఎవరికుంటుందమ్మా? తెర మీద నాలుగు ముక్కలు కనిపిస్తే చాలదా?" అన్నారు.

"పేరు పెట్టనివాళ్ళకి ఉంటుంది సార్," అంది రెహానా.

ఆయనకి అర్థం కాలేదు. ఆమె నిదానంగా చెప్పింది. తన తమ్ముడి కూతురు పుట్టగానే అలాంటి వార్డులోనే ఉంది. పసివాళ్ళకి ఇంకా పేరుండదు కనక తల్లి పేరు ముందు 'బేబీ ఆఫ్' అని చేర్చి రాస్తారు. ఆ పిల్ల కాలికి కట్టిన పట్టీ మీద 'బేబీ ఆఫ్ షేక్ మహబూబ్ తహసీన్ బేగం' అని రెండు వరుసల్లో ఉండేది. మన పంపులు ఎక్కువగా పెట్టేది ఆ పసివాళ్ళకే కదా సార్ అంది.

ఆయన వెంటనే ఒప్పుకున్నారనుకునేరు. తెర మహా అయితే బిగుసుకుపోతుంది, మందు వేగం మారదు అన్నారు. మారుతుందని నేను చెప్పి చెప్పి అలిసిపోయిన సంగతి ఆయనకి గుర్తయినా లేదు.

రెహానా వాదించలేదు. ఒక పంపు తెచ్చి బల్ల మీద పెట్టి, సిరంజిలో మంచినీళ్ళు నింపి, కింద గాజు గ్లాసు పెట్టింది. పసిపిల్లకి పెట్టేటంత చిన్న వేగం పెట్టింది. ఒక్కో బొట్టు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూడాల్సి వస్తోంది. అప్పుడు తన ఫోన్లోంచి వైఫై మీద పంపుకి ఆ పట్టీ మీది పేరు పంపింది. మోటారు గుర్రుమంది. సిరంజి వెనక భాగం కళ్ళముందే ముందుకి జరిగి, నీళ్ళన్నీ ధారగా గ్లాసులోకి దిగిపోయాయి.

"ఇది నిజంగా ఉన్న మామూలు పేరు సార్. కావాలని చేసేవాడైతే పదిహేడో అక్షరం నుంచి ఏం రాయాలో లెక్కగట్టుకుని రాస్తాడు. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నవాణ్ణి ఎవరు అడుగుతారు?"

కోదండపాణిగారు గ్లాసు ఎత్తి, అందులో నీళ్ళెన్నో చూశారు. లేచి బయటికి వెళ్ళారు. తిరిగొచ్చి, కలిపే పని ఆపమని ఆసుపత్రికి తనే ఫోన్ చేశారు. ఎందుకో కూడా దాచకుండా చెప్పారు. ఆ తర్వాత యజమాని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. లోపల ఏం మాటలు పడ్డారో నాకు తెలియదు. బయటికి వచ్చినప్పుడు మొహం వాడిపోయి ఉందిగానీ, పాత పంపులన్నీ సరిచెయ్యడానికి ఒప్పించే వచ్చారు.

ఆ వరుస తనే మార్చారు. పేరులో పదహారు అక్షరాలే తీసుకోమని రాసి నన్ను నడిపారు. నేను మళ్ళీ హెచ్చరించాను. ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. మార్చాను కదా, ఇంకా దీని గోలేమిటి అని బల్ల గుద్దారు. పేరు అక్కడితో అయిపోయిందని చెప్పడానికి చివర ఒక సున్నా పెట్టాలి, దానికీ ఆ గదిలోనే చోటు కావాలి. అంటే పేరుకి మిగిలేది పదిహేనే. మొదటి పాఠంలో చెప్పే సంగతి ఇది. నా విసుగు నాకుంది. ఆయన నేను రాసినది మెల్లగా చదివి, "నిజమేనోయ్," అన్నారు. నాతోనే అన్నారు. పదిహేను చేశారు. ఈసారి నా నివేదిక తెల్లగా వచ్చింది, ఏ గుర్తూ లేకుండా, న్యాయంగా.

ఇద్దరూ కారులో ఆ ఊరికి బయల్దేరారు. రెహానా లాప్‌టాప్‌లో నేనూ వెళ్ళాను. వార్డు చూసే సిస్టర్ పేరు సువార్త. మందు ఎక్కుతున్న పంపుల్ని ముట్టుకోనివ్వలేదు. అయిపోయేదాకా ఆగండి అని కోదండపాణిగారికి ఒక స్టూలు చూపించింది. ఆయన చెప్పులు బయట విడిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, అద్దాల పెట్టెలో అరచెయ్యంత పిల్ల పక్కన కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా పంపులు చేస్తున్నా, పంపుకి అవతలి కొసన ఎవరుంటారో ఆయన చూడడం అదే మొదలని తర్వాత రెహానాతో అన్నారు. ఒక్కో పంపు ఖాళీ అవుతున్నకొద్దీ దానిలో కొత్త ప్రోగ్రాము ఎక్కించారు. మధ్యాహ్నానికి పని అయింది. అప్పుడు, ఇంకా పసివాళ్ళకి తగిలించకుండానే, ఆసుపత్రి కంప్యూటరుతో కలిపి చూశారు. పేర్లు వచ్చాయి. వేగాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నాకు ఇన్నేళ్ళ భారం దిగినట్టయింది.

సువార్త మూడు పంపుల ముందు అటూ ఇటూ నడిచింది.

"సార్, మూడింటి మీదా ఒకటే పేరొచ్చింది," అంది.

నిజమే. మూడు తెరల మీదా 'బేబీ ఆఫ్ వెంకట' అనే ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో లెక్కపెడితే సరిగ్గా పదిహేను. అక్కడితో గది నిండిపోయింది.

"ఈ వరుసలో ముగ్గురు తల్లులూ వెంకటలే సార్. ఏ మందు ఏ బిడ్డదో నేను దీన్ని చూసి ఎలా పెట్టేది?"

కోదండపాణిగారు రెహానా మొహం చూశారు. రెహానా లాప్‌టాప్ తెరిచి నా నివేదిక చూసింది. అందులో ఏమీ లేదు. ఉండడానికి ఏముంది? ఏదీ పొర్లలేదు, ఏ హద్దూ దాటలేదు, నా లెక్కలో అంతా శుభ్రంగానే ఉంది. ఇంతకాలం నా మాట వినరేమని మనుషుల్ని తిట్టుకున్నాను. వాళ్ళు విన్నారు, నేను చెప్పినంతా చేశారు. అయినా ఆ మధ్యాహ్నం ఆ వార్డులో ఒక బిడ్డ మందు ఇంకో బిడ్డకి పడేటట్టే ఉంది. దానిమీద నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు.

పంపుల్ని కంప్యూటరు నుంచి విడదీశారు. సువార్త ఎప్పటిలాగే పేర్లు తెల్ల ప్లాస్టరు మీద రాసి పంపులకి అంటించింది. కోదండపాణిగారు వరండాలో బెంచీ మీద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, గదిని నాలుగింతలు పెద్దది చేశారు. తెర మీద పేరు రెండు వరుసల్లో పూర్తిగా కనిపించేలా మార్చారు. నన్ను రెండుసార్లు నడిపించారు. ఆ తర్వాత లేచి లోపలికి వెళ్ళి, ఒక పంపులో ఎక్కించి, దాన్ని మళ్ళీ కంప్యూటరుతో కలిపి, సిస్టర్‌ని పిలిచి చదవమన్నారు. ఆవిడ పైకి చదివింది, బేబీ ఆఫ్ వెంకట నాగ పార్వతి అని. రెండోది ఎక్కించారు, వెంకట రమణమ్మ. మూడోది వెంకట దుర్గా మల్లేశ్వరి. ఆవిడ ఒక్కొక్క పేరూ చదివి, ఆ బిడ్డ కాలి పట్టీ ఎత్తి చూసి, తలాడించాకే ఆయన పక్కదానికి జరిగారు.

ఇప్పుడు ఆ కంపెనీ ఖరీదైన కొత్త పరికరం కొనుక్కుంది. నన్ను ఒక పాత కంప్యూటర్లో ఉంచారు, పాత పంపుల్లో ఏదైనా మార్చినప్పుడు మాత్రం లేపుతారు. కోదండపాణిగారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తనే వచ్చి లేపేవారు. నా హెచ్చరికల్లో సగం ఉత్తవేనని గొణుక్కుంటూనే అన్నీ చదివేవారు. అవి అయిపోయాక, నేనేమీ అనని వరుసల్ని కూడా మొదటినుంచీ చదువుకుంటూ కూర్చునేవారు. నేను బాగానే ఉందని చెప్పినచోట ఆయన మళ్ళీ వెతకడం మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. తర్వాత్తర్వాత, ఆయన ఏ వరుస దగ్గరైనా ఎక్కువసేపు ఆగితే, నాకు కనపడనిది అక్కడేముందా అని నేనూ ఆయనతోపాటు ఆగేవాణ్ణి.