పూర్తి పేరు పెట్టి పిలిస్తే

పొద్దున్నే ఆ ఇంట్లో ఏదో ఒకటి కనపడకుండా పోవడం మామూలే. అత్తగారు మంచం దిగకుండానే దాన్ని పిలిచేవారు, అది ఉన్నచోటి నుంచే పలికేది. కాకపోతే పేరు పూర్తిగా చెప్పాలి. ఉత్త "కళ్ళజోడూ" అంటే పక్క వాటాల వాళ్ళవి కూడా పలికి ఒకటే గోల. "ముక్కు దగ్గర విరిగితే దారం కట్టిన మా అబ్బాయి కళ్ళజోడూ" అంటే ఒక్కటే, ఫ్రిజ్ మీద నుంచి, "ఆఁ" అనేది. ఆ రోజు కోడలి గొడుగు చెప్పుల స్టాండు వెనక నుంచి పలికింది. దాన్ని చంకన పెట్టుకుని ఆమె ఆస్పత్రికి పరుగెత్తింది.

అక్కడ కంప్యూటర్లు చూసేది ఆమే. స్కాన్లు దాచే పాత సర్వర్లో రెండు డిస్కులు, ఒకే కంపెనీవి, ఒకే సైజువి. ఒకదాంట్లో పాత స్కాన్లు. రెండోదాంట్లో అక్కర్లేని సరుకు. అది చెరిపితే గానీ నిన్నటి స్కాన్లకు చోటు లేదు, చోటిస్తే గానీ పైన సర్జన్ తెర మీదకు ఏ బొమ్మా రాదు. పదకొండింటికి ఒక దర్జీకి తల ఆపరేషన్. మూడేళ్ళ కిందటి స్కాను పక్కన పెట్టి చూడందే కత్తి పట్టనని సర్జన్ పట్టుబట్టాడు.

మిషన్ ఇచ్చిన అంకెల్లో పాత స్కాన్లది సున్నా, చెరపాల్సింది ఒకటి. నిన్ననే చూసి కాగితం మీద రాసుకుంది. పదిన్నరకు "ఒకటి" అని కొట్టింది. ఇక నొక్కడమే. అప్పుడు చూసింది తెర మూలన: తెల్లవారుజామున కరెంటు పోయి, మిషన్ మళ్ళీ లేచిందని.

వేలు గాల్లోనే ఆగిపోయింది. ఆ మిషన్‌కి డిస్కుల మొహాలు తెలియవు. లేచినప్పుడల్లా ఏది ముందు పలికితే దానికి సున్నా, తర్వాతిదానికి ఒకటి. నిన్నటి సున్నా ఇవాళ ఒకటి అయి ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. రోగుల వివరాలు కాబట్టి రెండింటికీ తాళాలే. లోపలికి తొంగిచూసే అధికారం ఆమెకు లేదు, చెరిపే అధికారం మాత్రం ఉంది. ఒకటి అంటే ఏ అరలోదో మిషన్ దీపం వెలిగించి చూపిస్తుంది, అంతే. డిస్కు లాగి చీటీ చదవాలంటే అంతా ఆపాలి, మళ్ళీ లేవడానికి ముప్పావుగంట.

నర్సు ఫోన్ చేసింది. మత్తు డాక్టరు వచ్చేశారట, ఇంకెంతసేపని. అయిదు నిమిషాలంది కోడలు. రెండోసారి మోగితే తియ్యలేదు. రిజిస్టరు తెరిచి, పాత స్కాన్ల డిస్కుకి ఫ్యాక్టరీలో పెట్టిన పదహారు అక్షరాల పేరు మీద వేలు పెట్టి, ఇంటికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"అత్తయ్యా, ఒకదాన్ని పిలవాలి. పేరు పొడుగు."

"చెప్పమ్మా."

కోడలు చదివి వినిపించింది, ఆవిడ పిలిచారు. సర్వర్ ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు. ఇంకోసారి పిలిచారు. ఏదీ పలకలేదు. పళ్ళసెట్టు తీసేసి ఉన్నారని, సగం అక్షరాలు గాలిగా పోతున్నాయని కోడలికి తట్టింది.

"పళ్ళు పెట్టుకోండి అత్తయ్యా," అంది.

అటు గ్లాసు చప్పుడైంది. తర్వాత ఆవిడ ఒక్కో అక్షరం విడివిడిగా, నిదానంగా పిలిచారు.

"ఆఁ," అంది డిస్కు, "ఒకటి"కి దీపం వెలుగుతున్న అరలోంచి.

అంటే చెరపబోయింది పాత స్కాన్లనే. కోడలు "ఒకటి" తీసేసి "సున్నా" కొట్టి, నొక్కింది.

పైన సర్జన్ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. మూడేళ్ళలో దర్జీ తలలోని మచ్చ ఆవగింజంత కూడా పెరగలేదు. కొయ్యక్కర్లేదన్నాడు. గుండు గీయించుకుని బల్ల మీద పడుకున్న దర్జీకి ఆ మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మధ్యాహ్నం అతను తలమీద తువ్వాలు కప్పుకుని మెట్లు దిగుతుంటే కోడలు ఎదురైంది. ఒకరినొకరు ఎరగరు. అతను పక్కకి తప్పుకుని దారిచ్చి, అడక్కుండానే, "షాపు తెరవాలండీ," అన్నాడు.