కోడలు కొట్టిన కుండ

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని సామెత. అత్త చేతిలో పగిలితే అది ఎలాగూ ఓటిదే, కోడలి చేతిలో పగిలితే మాత్రం కొత్తదే! ఈ సామెత కట్టినవాళ్లెవరో గానీ కుమ్మరి ఇంట కాపురం చేసి ఉండరు. మా ఇంట్లో కుండను కొట్టడమంటే పగలగొట్టడం కాదు. తిరిగే సారె మీద నుంచి దింపిన పచ్చి కుండకు లోపల రాయి ఆనించి, బయట చెక్కతో మెల్లగా కొట్టి పొట్ట తేవడం. అలా మా అత్త అమ్మాయమ్మ కొట్టిన కుండలు ఈ దీవిలో మా ఊరు రివియేర్ దు రాంపార్ చుట్టుపక్కల ఏ ఇంట చూసినా కనిపిస్తాయి. నేను కొట్టినవి మాత్రం చాలాకాలం మా పెరట్లో పెంకుల గుట్టలోనే కనిపించాయి.

నా పేరు రత్నమ్మ. ట్రియోలేలో దుకాణం వాళ్ల పిల్లను, తక్కెడ పక్కన పుట్టి పెరిగినదాన్ని. ఉప్పైనా పప్పైనా తూకం వేయకుండా చెయ్యి దాటడం నేనెరగను. అలాంటిదాన్ని తెచ్చి ఈ ఇంట్లో ఎంకన్నకిచ్చి చేశారు. ఆయనకు మట్టి అబ్బలేదు, బస్సు కండక్టరు పని అబ్బింది. దాంతో సారె నా నెత్తిన పడింది. మొదటిరోజే అత్తను అడిగాను, ఒక కుండకు మట్టి ఎంత కావాలని.

"సేతినడుగు," అంది.

"మరి నీళ్లెన్ని అత్తా?"

"పప్పులో ఉప్పెంతే? అంతే."

నాకు ఒళ్లు మండింది. ఇదేం చదువు! ఆవిడ చూడకుండా ఒక పుల్ల మీద గాట్లు పెట్టుకున్నాను. ఇంత ఎత్తు, ఇంత మూతి అని కొలుచుకుని కుండలు చేశాను. అన్నీ ఒక్కలాగే వచ్చాయి, ఒక్కదాన్నీ చంకన పెట్టుకోబుద్ధి కాలేదు. అత్త వాటిని ఒక్క మాట అనలేదు. సాయంత్రం నా గాట్ల పుల్లను పొయ్యిలో పెట్టి టీ కాచింది, ఆ టీ నాకే ముందు పోసింది.

ఆవిడ పని చేస్తుంటే చూడాలి. కళ్లు మట్టి మీద ఉండవు. కోళ్లను అదిలిస్తుంది, దారిన పోయేవాళ్లను పలకరిస్తుంది, ఎవరి ఇంట్లో ఏ కూరో ఆరా తీస్తుంది. వేళ్లు మాత్రం కుండ లోపల తమ దారిన తాము పోతుంటాయి. ఉన్నట్టుండి మాట మధ్యలో ఆగి, "సాలు" అంటుంది. చెయ్యి లేస్తుంది. కుండ అయిపోయినట్టే. ఆ సాలు ఎక్కడి నుంచి వస్తుందో ఆవిడకే తెలియదు. చాలు అనే మాటను మా పెద్దలు చెరకు తోటల పనికి ఓడెక్కినప్పుడు అలాగే నోట పెట్టుకు తెచ్చారు. మా పిల్లలు ఇక్కడి భాష క్రియోల్‌లో ఏడ్చి క్రియోల్‌లో నవ్వుతారు, తెలుగు బడిలో పలక మీద చాలు అని ముద్దుగా రాస్తారు, ఇంటికొస్తే వాళ్లకూ సాలే.

నా చేతికీ నా నోటికీ ఒకటే జబ్బు, ఆగడం తెలియదు. కుండ బాగా లేస్తుంటే ఇంకొంచెం పలచన చేద్దామనిపిస్తుంది. మెడ ఇంకొంచెం సన్నగా తీద్దామనిపిస్తుంది. ఆ ఇంకొంచెం దగ్గరే కుండ కూలబడేది. అందుకని అత్త నా పక్కన పీట వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ఆవిడ సాలు అంటే నేను చెయ్యి తీసేదాన్ని. అంతే, నా కుండలూ నిలబడ్డాయి. ఊళ్లో పదిమందీ మెచ్చుకున్నారు. అత్త మాత్రం ఏనాడూ బాగుంది అనలేదు. చేసిన ప్రతి కుండనూ ఆవిడ వైపు తిప్పి చూపించేదాన్ని, చిన్నపిల్లలా. అప్పటికే సాలు అనేసింది కదా, మళ్లీ మాటెందుకన్నట్టు లేచిపోయేది. ఆ ఒక్క మాట కోసం నేనెంత మొహం వాచానో ఎవరికీ చెప్పుకోలేదు.

ఈ దీవికి స్వాతంత్ర్యం వచ్చే ముందు ఎండాకాలంలో అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. ఆ మిగిలిన మాట సాలు.

అన్నం పెడితే సాలు. పెట్టకపోతే సాలు. ఎండ తగిలినా, దోమ కుట్టినా, కొడుకు ఎదురుగా వచ్చి కూర్చున్నా అదే మాట. ముద్ద నోటిదాకా తీసుకెళ్లగానే సాలు అంటుంటే ఆకలి లేదేమోనని కంచం తీసేసేదాన్ని. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ కళ్లు కంచం వెంటే వస్తుండేవి. నాకు ఏడుపొచ్చేది.

పక్కింటి జోసెలిన్‌కు ఈ బాధ లేదు. పట్నంలో ఫ్రెంచి దొరసాని ఇంట్లో పనిచేసి వచ్చిన మనిషి. సాలు అంటే ఆవిడకు వినిపించేది సాల్యు, ఫ్రెంచివాళ్లు ఎదురుపడితే చేసే పలకరింపు. గడపలో అడుగుపెట్టగానే మా అత్త సాలు అనడం, ఆవిడ "సాల్యు, తాంతిన్!" అని చేతులు చాపి రావడం, ఇద్దరూ పడీపడీ నవ్వడం. తాంతిన్ అంటే పిన్నీ అన్నట్టు. తర్వాత ఆవిడే తినిపిస్తే అత్త కంచం ఖాళీ చేసేది. ఇన్నేళ్లు కాపురం చేసిన నాకు అర్థం కాని అత్త, తెలుగు ముక్క రాని జోసెలిన్‌కు ఎలా అర్థమైందో! కుళ్లుకున్నాను. దాచుకోవడమెందుకు?

చలికాలం వచ్చింది. అమ్మోరు పండగ దగ్గరపడింది. పండగనాడు తలమీద పెట్టుకుని ఊరేగించే ఘటం ఏటా మా ఇంటి నుంచే వెళ్తుంది. అత్త చేసి ఇస్తుంది. అత్తకు ముందు వాళ్ల అత్త ఇచ్చింది. గుడి పూజారి మునుస్వామి ఒకనాడు పరామర్శకు వచ్చి, ఆవిడ ఎదురుగానే కూర్చుని, అక్క వరసతో ఎంతో నెమ్మదిగా చెప్పాడు.

"అప్పా, నువ్వు ఫతిగే అయిపోనావు, అలిసిపోనావు, ఇంక నీకీ కట్టం వద్దు. ఈ ఏడు ఇత్తడి ఘటం కొందామనుకుంటన్నాం. కొత్త దేశం, కొత్త జెండా. మెరిసిపోద్ది. ఏటంటావు?"

"సాలు," అంది అత్త.

"ఒప్పుకున్నావు కదా, అంతే సాలు," అని ఆయన సంతోషంగా లేచాడు. మంచివాడే, అలసిన మనిషికి బరువు దించానని అనుకున్నాడు. నేను మాత్రం అత్త ఎడమచేతిని చూస్తున్నాను. ఒళ్లో ఉన్న ఆ చెయ్యి లేని మట్టిని పిసుకుతోంది. ఆవిడ కళ్లు నిండిపోయాయి. ఇత్తడి ఒకసారి గుడిలోకి వచ్చిందంటే ఇక ఏ ఏడూ మట్టి అడుగుపెట్టదు. ఆవిడ బతికుండగానే ఆవిడ పని అయిపోయిందని చెప్పినట్టు.

"మావా, ఆగు," అన్నాను. "ఘటం మా ఇంటి నుంచే వత్తాది. నాను సేత్తాను."

"నువ్వా?" అన్నాడు. తర్వాత అత్త మొహం చూసి, "సరే అమ్మీ, సూద్దాం. ఆవం మంటలో కాలి, నీళ్లు పోత్తే నిలబడాల. లేదంటే ఇత్తడే," అన్నాడు.

ఘటం అంటే మామూలు కుండ కాదు. పొట్ట పెద్దది, మెడ సన్నం. నాకున్న ఆ 'ఇంకొంచెం' జబ్బును రేపేదంతా అందులోనే ఉంది. మర్నాడు అత్తను కుర్చీతో సహా తెచ్చి సారె పక్కన కూర్చోబెట్టాను. ఆవిడ ఉంటే నాకు ధైర్యం. సారె తిప్పి మట్టి వేశానో లేదో, "సాలు," అంది. ఇంకా గిన్నె కూడా కాలేదు! అయినా అలవాటున చెయ్యి లేచిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను. పొట్ట దగ్గర, "సాలు." మెడ దగ్గర అనలేదు, నేను ఆగలేదు, అది కాస్తా వంగి కూలింది. అప్పుడు, "సాలు, సాలు." ఇలా నాలుగైదు రోజులు. ఎప్పుడు నిజంగా ఆగమంటోందో, ఎప్పుడు ఈగను తోలుతోందో తెలియదు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు. నా చేతులకు ఆ దుడ్డుకర్ర కూడా అక్కర్లేకపోయింది.

ఆఖరికి కూలిన మట్టిని నేలకేసి కొట్టాను. "ఎప్పుడే అత్తా సాలు? సెప్పు! ఎప్పుడు?" అని అరిచాను. అరిచాక ఆవిడ మొహం చూడలేక జోసెలిన్ ఇంటికి పోయి వంటగదిలో కూర్చుని ఏడ్చాను. సాలు అంటే పలకరింపు కాదు, ఆపమని అర్థం, అని క్రియోల్‌లో చెప్పాను. ఆ చెప్పడంలో కొంచెం కసి కూడా ఉంది.

జోసెలిన్ ఉల్లిపాయలు తరగడం ఆపి ఆలోచించింది.

"ఆయో, మో సేర్," అంది. ఆవిడ నన్ను పిలిచేది అలాగే, చెల్లీ అని. "మొన్న నువ్వు పాంప్లెమూస్ ఊరెళ్లిన రోజు నేను కదా ఆవిడ దగ్గర ఉన్నాను. బస్సు చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూసేది. నువ్వు దిగావు చూడు, అప్పుడు అంది ఆ మాట, మొహమంతా నవ్వుతో. ఆగిపొమ్మని ఎవరైనా అలా అంటారా?"

ఆవిడ ఉల్లిపాయలు మళ్లీ తరిగింది. ఇంటికి వచ్చేసరికి అత్త అదే కుర్చీలో ఉంది. నన్ను చూసి, "సాలు," అంది. ఆ పూట అన్నం తినిపిస్తుంటే ఆ మాట మీద చెవి పెట్టడం మానేసి మొహం చూశాను. ఇంకా కావాలని మొహమే చెప్పింది. కడుపు నిండా తినిపించాను.

మర్నాడు సారె ముందు కూర్చున్నప్పుడు అత్తతో కబుర్లు మొదలుపెట్టాను. మా ట్రియోలే దుకాణం గురించి, మా నాన్న తక్కెడ గురించి, బస్సులో ఎంకన్న టికెట్టు ఇవ్వడం మరిచి ఎవరితోనో పోట్లాడిన సంగతి. ఆవిడ మధ్యమధ్య సాలు అంటూనే ఉంది, ఊఁ కొట్టినట్టు. నేను చెబుతూనే ఉన్నాను. వేళ్ల కింద మట్టి చల్లగా లేచింది, పొట్ట తిరిగింది, మెడ సన్నబడింది. ఎంకన్న కథ ఇంకా అవ్వలేదు. వేళ్లకు ఏదో తగిలింది. ఏమిటని అడిగితే చెప్పలేను, నిద్రపోయిన బిడ్డ ఒంటి మీద నుంచి చెయ్యి తీయాలని ఎలా తెలుస్తుందో అలా తెలిసింది. నా చెయ్యి దానంతట అదే లేచింది.

"సాలు," అన్నాను. నా నోటి నుంచి.

సారె ఇంకా తిరుగుతోంది, ఘటం నిలబడి ఉంది. అత్త వైపు చూశాను. చిత్రం, ఆ ఒక్కసారి మాత్రం ఆవిడ ఏమీ అనలేదు. ఉన్న ఒక్క మాటా అనలేదు. ఘటాన్ని చాలాసేపు చూసి కళ్లు మూసుకుంది. నచ్చలేదేమో అనుకున్నాను. ఆ దిగులుతోనే దాన్ని చెక్కతో కొట్టాను, ఆరబెట్టాను, చెరకు చెత్త, సరుగుడు కర్రలు పేర్చి ఆవంలో కాల్చాను. ఒక పక్క నల్లటి మసి మచ్చ పడింది గానీ చీలిక రాలేదు. మునుస్వామి మావ నీళ్లు పోసి, వేలితో కొట్టి చూసి, దండం పెట్టుకుని తీసుకెళ్లాడు.

పండగనాడు పసుపు పూసి, వేపమండలు కట్టిన ఘటం నా తలమీద పెట్టారు. డప్పులు మా వీధిలోకి వచ్చి మా వాకిట్లో ఆగాయి. జోసెలిన్ అత్తను కుర్చీతో గుమ్మం ముందుకు తెచ్చింది. నేను దగ్గరగా వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను, ఆవిడ చేత్తో ఘటం తాకుతుందని. ఎడమచెయ్యి పైకి లేచింది. ఘటం దాకా పోలేదు. నా చెంప మీద ఆగింది.

"సాలు," అంది.

కుండల వైపు చూస్తూ ఆ మాట అనడం ఇన్నేళ్లూ విన్నాను. ఇప్పుడు ఆవిడ చూస్తున్నది నన్ను.

"నీతోనే అంటోంది, జవాబు చెప్పు," అని వెనకనుంచి జోసెలిన్ క్రియోల్‌లో గుసగుసలాడింది.

తలమీద ఘటం ఉంది, తల ఊపడానికి లేదు. కళ్లు తుడుచుకోవడానికీ లేదు. "సాలు, అత్తా," అన్నాను. బాగుంది అని ఆవిడ అనలేదు. ఇక అననక్కర్లేదు. నాకు సాలు.